కోచ్ గారూ, ముందు గోలీల చీటీ అడగండి

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో వెయిట్‌లాస్ బ్యాచ్‌లు నడుపుతున్న కోచ్ అన్నలకు, అక్కలకు నమస్తే.

నాది హన్మకొండలో మెడికల్ షాపు. మీలో చాలామంది నాకు మొహం తెలిసినవాళ్లే. పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో భద్రకాళి బండ్ మీదో మీరు ఎదురుపడుతుంటారు, మీ దగ్గర చేరినవాళ్లు సాయంత్రం నా కౌంటర్ ముందు నిలబడుతుంటారు. ఎవరినీ బద్నాం చేసే ఉద్దేశం లేదు కాబట్టి పేర్లు తీయకుండా అందరికీ కలిపి రాస్తున్నా. అడిగేది ఒక్కటే. 21 రోజుల చాలెంజ్‌లోనో 90 రోజుల ప్యాకేజీలోనో ఎవరినైనా చేర్చుకునే ముందు, ఫీజు చేతిలో పడకముందే, "మీరు ఏయే గోలీలు వాడుతున్నారు, చీటీ చూపించండి" అని అడగండి. అందులో షుగర్ గోలీ, బీపీ గోలీ, ఇన్సులిన్ లాంటివి ఉంటే ఆ చీటీ రాసిన డాక్టర్ దగ్గరికి ఒకసారి పంపండి, ఆ తర్వాతే అన్నం బంద్ పెట్టించండి.

మందులు అమ్ముకునేవాడు డైట్ల గురించి మాట్లాడితే మీకు వెంటనే వచ్చే అనుమానం నాకు తెలుసు. జనం షుగర్ తగ్గించుకుంటే వీడి గోలీలు ఎవరు కొంటారు, అందుకే ఈ ఏడుపు అనుకుంటారు. అనుకోండి. కానీ బరువు తగ్గొద్దని నేను ఎక్కడా అనడం లేదు. మనవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. తెల్లవాళ్లకు పెట్టిన 25, 30 కొలతలు మనకు సరిపోవు, ఎందుకంటే మనకు కాళ్లూ చేతులూ సన్నగానే ఉండి పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటుంది, షుగర్ కూడా తొందరగా వస్తుంది. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాల్సిందే. ఈ లెక్కన నా షాపుకొచ్చే వాళ్లలో బరువు తగ్గాల్సినవాళ్లే ఎక్కువ, నన్ను కూడా కలుపుకోండి. అట్లాంటివాళ్లను తెల్లారి అయిదింటికి లేపి నడిపిస్తున్నారంటే అది మామూలు విషయం కాదు, డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా జరగని పని మీరు చేయిస్తున్నారు. నా గొడవ ఆ నడక అయిపోయాక ఫోన్‌లో వచ్చి పడే డైట్ చార్ట్ గురించి.

ఒకటే పీడీఎఫ్. ఇంజినీరింగ్ చదివే పిల్లకూ అదే, ముగ్గురు పిల్లల తల్లికీ అదే, భూపాలపల్లిలో సింగరేణి నుంచి రిటైరై వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న పెద్దమనిషికీ అదే. పొద్దున షేక్, పగలు సలాడ్, రాత్రి ఇంకో షేక్ లేకపోతే సూప్, అన్నం నిషేధం, రొట్టె నిషేధం, పండ్లు కూడా నిషేధం. పైన పేరు రాసే చోట ఖాళీ గీత ఉంటుంది. గోలీల గురించి రాసే చోటు మాత్రం నేను చూసిన ఏ చార్ట్‌లోనూ లేదు.

దానివల్ల ఏమవుతుందో ఒక సంగతి చెప్తా. మొన్న ఎండాకాలం, సాయంత్రం పూట, యాభై దాటిన ఒకామె షాపుకొచ్చింది. ఎండ తగ్గి గాలి మొదలైనా ఆమె నుదురంతా చెమట, కొంగుతో తుడుచుకుంటూనే ఉంది, మళ్లీ పడుతూనే ఉంది. పర్సులోంచి స్ట్రిప్ తీసి ఇవ్వబోతే వేళ్లు వణికి అది కౌంటర్ మీద జారిపడింది. కత్తిరించిన స్ట్రిప్, పేరు సగమే మిగిలింది, అయినా మాకు చూడగానే తెలిసిపోతుంది: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన షుగర్ గోలీ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వాడుతోందట.

"ఏం తిన్నరు పెద్దమ్మా పొద్దటి నుంచి?"

"ఏం తినలే బిడ్డా. పొద్దున షేక్ తాగిన, పగటికి కీర ముక్కలు తిన్న. సార్ అన్నం, రొట్టె అన్నీ బంద్ పెట్టమన్నడు."

"మరి గోలీ?"

"గోలీ ఏసుకున్న. గోలీ ఇడిచిపెట్టొద్దు గద."

కుర్చీలో కూర్చోబెట్టి వేలు గుచ్చి చూస్తే మీటర్ మీద 51. గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూసి, అప్పటికి కొంచెం లేచిందని తెలిశాక ఆమె కొడుక్కి ఫోన్ చేసి దవాఖానకు తీసుకుపొమ్మన్నా. కొడుకు వచ్చేలోపు ఆమె తన ఫోన్ తీసి గ్రూపు చూపించింది. మధ్యాహ్నమే రాసింది పాపం, చెమటలు పడుతున్నయి, చేతులు వణుకుతున్నయి సార్ అని. కింద కోచ్ జవాబు: "గుడ్ సైన్ మేడం! బాడీ డిటాక్స్ అవుతోంది. నీళ్లు ఎక్కువ తాగండి." దాని కింద ఇంకో ముగ్గురు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఆ కోచ్ చెడ్డమనిషి అని నేను అనుకోవడం లేదు, ఎవరో నేర్పిన మాటే చెప్పి ఉంటారు. కానీ ఆ గోలీ ఎట్లా పనిచేస్తుందో తెలిసిన మనిషి ఆ జవాబు రాయరు. గ్లిమెపిరైడ్ మన పాంక్రియాస్ చేత బలవంతంగా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనం అన్నం తిన్నామా, కీర ముక్కలు తిన్నామా అనేది దానికి పట్టదు. డాక్టర్ ఆ డోసు రాసిన రోజున ఆమె రెండు పూటలా అన్నం తినే మనిషి, ఆ తిండికి సరిపడా డోసు రాశారు. మీరు తిండి తీసేశారు, డోసు అట్లనే ఉంది. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితేనే తక్కువ అంటారు, 54 కంటే కిందికి పోతే ప్రమాదం. ముందు చెమట, వణుకు, గుండెదడ, ఆకలి. ఆ తర్వాత మాట తడబడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం, సోయి తప్పడం. ఇదే రాత్రి నిద్రలో జరిగితే పక్కనున్నవాళ్లకు కూడా తెలియదు. పైగా ఈ రకం గోలీతో చక్కెర పడితే గ్లూకోజ్ తాగగానే కథ అయిపోదు, మందు ఒంట్లో ఉన్నంతసేపూ గంటల తర్వాత కూడా మళ్లీ పడొచ్చు, అందుకే తేరుకున్నట్టు కనిపించినా దవాఖానకు పంపడం. సోయి తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, 108కి ఫోన్ చేయండి. ఈ నాలుగు మాటలు మీ గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టినా సగం భారం తగ్గుతుంది.

ఇప్పుడు ఇంకో గోలీ సంగతి. దీంట్లో చక్కెర పడకపోయినా ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఇది నన్ను ఎక్కువ భయపెడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని చీటీల్లో చూసే ఉంటారు. ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపే మందులు. గుండెకూ కిడ్నీకీ కూడా మంచి చేస్తాయి, మంచి మందులే, నేను వాటిని తప్పుపట్టడం లేదు. 2020 చివర్లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ గడువు అయిపోయాక మన కంపెనీలన్నీ తయారుచేయడం మొదలుపెట్టి రేటు బాగా పడిపోయింది, దాంతో ఊళ్లలోని చీటీల్లో కూడా కనిపిస్తోంది. ఈ మందు వాడుతున్న మనిషి ఉన్నట్టుండి అన్నం, రొట్టె, పండు అన్నీ మానేసి నూనె, గుడ్లు, పన్నీర్ మీద పడితే శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, అవి హద్దు దాటితే రక్తం ఆమ్లంగా మారుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. మామూలుగా ఇట్లాంటి స్థితిలో షుగర్ 300, 400 ఉంటుంది, ఎవరైనా గుర్తుపడతారు. కానీ ఈ మందు చక్కెరను ఎప్పటికప్పుడు బయటికి పంపుతుంటుంది కాబట్టి మీటర్‌లో 160, 180 చూపిస్తుంది. ఇంట్లోవాళ్లు మీటర్ చూసి, షుగర్ బాగానే ఉంది కదా, గ్యాస్ అయి ఉంటుంది అని ఓ గోలీ వేసి పడుకోబెడతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద 2015లోనే హెచ్చరిక ఇచ్చింది. పదేళ్లు దాటింది. మీ ట్రైనింగ్ క్లాసుల్లో ఈ మాట ఎవరైనా చెప్పారా? కోపంతో అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

ఇక ఇన్సులిన్. టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారే కాని రకం, ఉన్న పిల్లలకు ఏ డైట్ పేరు చెప్పి అయినా సరే ఇన్సులిన్ ఆపించడం అంటే రోజుల్లో ప్రాణం తీయడమే. దీని గురించి ఇంకేం రాయాలో కూడా నాకు తోచడం లేదు.

బీపీ సంగతి చాలామందికి తట్టదు. పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పునూ నీళ్లనూ బయటికి తోసేస్తాయి. దానికి తోడు ఆ మనిషి చీటీలో టెల్మిసార్టాన్ అనే బీపీ మందుతో పాటు మూత్రంలో నీళ్లు పోయేలా చేసే మందు కలిపిన గోలీ ఉంటే, బయట మన మే నెల ఎండ ఉంటే, పొద్దున మంచం మీంచి లేవగానే కండ్లు తిరిగి పడిపోవడం ఎంతసేపు? తుంటి ఎముక విరిగితే బరువు తగ్గడం మాట అటుంచి ఆ పెద్దమనిషి ఆర్నెల్లు మంచానికే. ఇందులో డైట్ తప్పు ఎంత, గోలీ తప్పు ఎంత అని వాదించుకోవచ్చు గానీ, రెండూ ఒకే ఒంట్లోకి పోతున్నాయని ముందే తెలిస్తే డాక్టర్ ఆ డోసు తగ్గించేవారు, ఐదు నిమిషాల పని.

మీ మొదటివారం ఫలితాల గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి, ఎందుకంటే అన్నిటికీ మూలం అక్కడుంది. "వారంలో 3 కేజీలు" అని స్టేటస్‌లు పెడతారు కదా. మన కాలేయంలో, కండల్లో గ్లైకోజెన్ అని నాలుగైదు వందల గ్రాముల దాకా నిల్వ చక్కెర ఉంటుంది, ఒక్కో గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే ముందు కరిగేది అదే. అంటే మొదటివారం పోయిన మూడు కేజీల్లో ఎక్కువ భాగం నీళ్లు, బాత్‌రూమ్‌లో పోయింది. మళ్లీ రెండు రోజులు అన్నం తింటే వచ్చేస్తుంది. ఇది తెలియక ఆమె రెండో వారం అరకిలో మాత్రమే తగ్గిందని ఏడుస్తుంది, మీరేమో "డిసిప్లిన్ తప్పారు" అంటారు, నిజానికి రెండో వారం తగ్గిన ఆ అరకిలోనే అసలైన తగ్గుదల. ఆ చెప్పులు విప్పి నిలబడే మెషిన్ కూడా అంతే. పాదాల గుండా చిన్న కరెంటు పంపి ఒంట్లో కొవ్వు ఎంతో అంచనా వేస్తుంది, ఒంట్లో నీళ్ల శాతం మారితే అంచనా కూడా మారుతుంది. నడిచి చెమటోడ్చిన తర్వాత ఒక లెక్క, రెండు గ్లాసులు నీళ్లు తాగాక ఇంకో లెక్క. దాన్ని పట్టుకుని నలభై ఏళ్ల ఆడమనిషికి "మీ బాడీ ఏజ్ 61" అని చెప్పి షేక్ పొడి డబ్బా చేతిలో పెట్టడం నాకైతే న్యాయంగా అనిపించదు.

మీ తరఫున కూడా మాట్లాడతా, ఎందుకంటే మీ వాదనలో బలం ఉన్న చోటు ఒకటుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను, ఇన్సులిన్ వాడనివాళ్లను తీసుకుని, మూడు నుంచి ఐదు నెలలు మామూలు తిండి మొత్తం ఆపి రోజుకు 825 నుంచి 853 క్యాలరీల షేకులూ సూపుల మీదే ఉంచారు. ఏడాది తర్వాత చూస్తే వాళ్లలో 46 శాతం మందికి గోలీలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అంటే మీరు చెప్పే 'రివర్సల్' పూర్తిగా కట్టుకథ కాదు, సరైన మనిషికి సరైన పద్ధతిలో జరుగుతుంది. కానీ ఆ పరిశోధనలో మొదటిరోజే ఏం చేశారో తెలుసా? షుగర్ గోలీలూ బీపీ గోలీలూ ఆపించారు. ఆపించింది కోచ్‌లు కాదు, వాళ్ల డాక్టర్ల పర్యవేక్షణలోనే జరిగింది, ఆ తర్వాత బీపీ, షుగర్ చూస్తూ అవసరమైతే మళ్లీ మొదలుపెట్టారు. మీరు షేక్ ఒక్కటి తెచ్చుకున్నారు, ఆ మొదటిరోజు పని అక్కడే వదిలేసి వచ్చారు. రెండేళ్లు గడిచేసరికి ఆ 46 శాతం 36 అయిందని కూడా జనానికి చెప్పండి, ఇంత పట్టుగా చేసినా అంతేనని.

పిండిపదార్థాలు దాదాపు మానేసి ఎక్కువగా కొవ్వు తినే కీటో డైట్ కూడా నిన్న మొన్న పుట్టింది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మూర్ఛ వచ్చే రోగుల కోసం మొదలుపెట్టారు, ఇప్పటికీ మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇస్తారు, అదీ రక్తపరీక్షలు చేస్తూ, డైటీషియన్ గ్రాముల్లో కొలిచి. మన దగ్గరికి వచ్చేసరికి అది కొబ్బరినూనె తాగడం అయింది. గుర్తుంది కదా, కొన్నేళ్ల కింద మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ ఊపు? రోజుకు 70 గ్రాముల నూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. ఎవరింటికి పోయినా వంటింట్లో గానుగ నూనె సీసా, ఫంక్షన్లలో అన్నం దగ్గర లైను తగ్గి మటన్ దగ్గర లైను పెరిగింది. కొందరికి షుగర్ తగ్గింది, అది నేనూ చూశాను. కొందరికి చెడు కొలెస్ట్రాల్ ఎగబాకింది, యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు వాచినవాళ్లు నొప్పి గోలీల కోసం వచ్చారు, కీటోన్లు పెరిగితే కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను సరిగ్గా బయటికి పంపలేవు మరి. కిడ్నీ ముందే దెబ్బతిన్న మనిషి ప్రొటీన్ డబ్బాలు తాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, కానీ దెబ్బతిన్నదని తెలిసేదెట్లా, క్రియాటినిన్ పరీక్ష చేయించకుండా? బస్తీ దవాఖానలో రాయించుకుంటే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద పైసా ఖర్చు లేకుండా అయ్యే పరీక్ష అది.

రాళ్ల సంగతి ఇంకోటి. వారానికి కిలోన్నర దాటి బరువు పడిపోతుంటే పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం పెరుగుతుంది. కొవ్వు వేగంగా కరుగుతుంటే కాలేయం పైత్యరసంలోకి ఎక్కువ కొలెస్ట్రాల్ వదులుతుంది, తిండిలో కొవ్వు లేకపోతే పిత్తాశయం ముడుచుకుని ఖాళీ కాదు, ఆ రసం అక్కడే నిలిచి గట్టిపడుతుంది. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో వారానికి అరకిలో తగ్గడం సురక్షితం అని రాసింది, బరువు తగ్గే డైట్ కూడా రోజుకు 1000 క్యాలరీలకు తగ్గకూడదని రాసింది. అరకిలో అంటే ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి పనికిరాదు, నాకు తెలుసు.

పెండ్లి పిల్లల విషయంలో మాత్రం నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ముహూర్తానికి మూడు నెలల ముందు క్రాష్ డైట్‌లో చేరతారు. తిండి ఒక్కసారి పడిపోతే ఆ దెబ్బకు జుట్టు ఊడటం వెంటనే మొదలుకాదు, రెండు మూడు నెలల తర్వాత మొదలవుతుంది. అంటే సరిగ్గా జడ వేసే రోజుకు దువ్వెన నిండా జుట్టు. అప్పుడు నా దగ్గరికొచ్చి బయోటిన్ గోలీలు, షాంపూలు, సీరమ్‌లు కొంటారు. చూశారా, మీ డైట్ల వల్ల నాకు గిరాకీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

క్యాప్సూళ్ల గురించి ఎక్కువ రాయను. 'హెర్బల్' అని రాసి ఉన్నంతమాత్రాన నమ్మకండి. సిబుట్రమిన్ అని బరువు తగ్గించే మందు ఉండేది, గుండెపోటు, పక్షవాతం వస్తున్నాయని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు, మన దేశంలో 2011లో నిషేధించారు. ఆ తర్వాత కూడా చాలా దేశాల్లో 'మూలికల' క్యాప్సూళ్లను పరీక్ష చేస్తే అది దొరుకుతూనే ఉంది. మీరు అమ్మే డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ లేకపోతే దాన్ని ముట్టుకోకండి, ఉన్నా అది తిండి అని చెప్పే నంబరే గానీ మందు అని చెప్పేది కాదు. థైరాయిడ్ జబ్బు లేనివాళ్లకు బరువు తగ్గుతారని థైరాక్సిన్ చెప్పేవాళ్లు కూడా ఉన్నారు మీలో, చీటీ లేకుండా ఇచ్చే షాపులూ ఉన్నాయి మాలో, ఆ గోలీతో గుండె లయ తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఈ ఒక్క దాంట్లో మీరూ మేమూ కలిసే తిట్లు తినాలి.

"షుగర్ గ్యారంటీగా మాయం" అని బోర్డులు పెట్టినవాళ్లు ఒకటి తెలుసుకోండి. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది, ఫలానా జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వొద్దని దాంట్లో ఒక పట్టిక ఉంది, ఆ పట్టికలో షుగర్, బీపీ, ఊబకాయం మూడూ ఉన్నాయి. మాది మందు కాదు తిండి అంటారా, తిండి పేరుతో జబ్బు నయం చేస్తామనడానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు ఒప్పుకోవు.

మళ్లీ పెరిగిన బరువు గురించి కూడా మాట్లాడుకోవాలి. మీ గ్రూపుల్లో తగ్గినప్పుడు క్రెడిట్ డబ్బాకు, పెరిగినప్పుడు తప్పు మనిషికి. "మీకు విల్‌పవర్ లేదు మేడం." రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను ఆర్నెల్లు సగం తిండి మీద ఉంచి చూశారు, రోజుకు సుమారు 1570 క్యాలరీలు, మీ చార్ట్ కంటే చాలా ఎక్కువే. వాళ్లు తిండి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోయారు, వంటల పుస్తకాలు కూడబెట్టుకున్నారు, చిరాకు, దిగులు, చలి. ప్రయోగం అయిపోయాక ఎంత తిన్నా ఆకలి తీరక, చాలామందికి ముందున్న దానికంటే ఎక్కువ కొవ్వు చేరింది. ఆ కుర్రాళ్లకు విల్‌పవర్ లేదని ఎవరూ అనలేదు. మన పెద్దమ్మలను మాత్రం ఎందుకంటారు?

అన్నం విషయానికొద్దాం. మన దగ్గర అన్నం ఎక్కువ తింటాం, ప్లేట్లో గుట్ట పోసుకుని పక్కన చెంచాడు పప్పు, అది మారాలి, ఒప్పుకుంటా. కానీ పోయినేడు ఉగాది నుంచో ఆ ముందేడు నుంచో కాదు, తరతరాలుగా కంచంలో ఉన్నదాన్ని ఒక్క రాత్రిలో తీసేసి ఆ జాగాలో అవకాడో, బాదం పిండి, పన్నీర్ పెట్టమంటే ఎన్ని ఇళ్లల్లో కుదురుతుంది? 2025 నుంచి రేషన్ షాపులో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, ఇంట్లో అందరూ అదే తింటుంటే ఆమె ఒక్కతే వంటింట్లో నిలబడి, అందరికీ వండిపెట్టి, తాను షేక్ తాగి పడుకోవాలా? ఎన్నాళ్లు? అన్నం రెండు గరిటెల నుంచి ఒక గరిటెకు తగ్గించి పప్పు ఒక గరిటె పెంచమనండి. రాత్రి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు చెప్పండి. ఉడకబెట్టిన గుడ్డు, పెసర్లు, శనగలు, పలుచటి మజ్జిగ, ఇవన్నీ కిరాణా కొట్లో దొరికేవే, ఎవరికీ కమిషన్ రాదు గానీ. సకినాలు, గారెలు పండుగ పూటకే చాలని చెప్పండి. నడక మీరెట్లాగూ చేయిస్తున్నారు.

మీలో కొందరు అనేది నేను విన్నా: "మేం డాక్టర్లం కాదు, మేం గోలీల గురించి మాట్లాడకూడదు, అందుకే అడగం." గోలీ ఆపమనీ, తగ్గించమనీ మీరు చెప్పొద్దు, నిజమే. కానీ అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. పన్ను పీకే ముందు ఆ దవాఖాన రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి కూడా అడుగుతుంది, బీపీ ఉందా, షుగర్ ఉందా, రక్తం పలుచన చేసే గోలీలు వాడుతున్నారా అని. ఆ పలుచన గోలీ వార్ఫరిన్ అయితే మీ పాలకూర, కొత్తిమీర గ్రీన్ జ్యూస్‌లోని విటమిన్ కె దాని పనిని చెడగొడుతుంది, గుండెలో కవాటం మార్పించుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు. గర్భిణులను, పాలిచ్చే తల్లులను, కాలేజీ వయసుకు కూడా రాని పిల్లలను, ముందే కిడ్నీ, లివర్ సమస్య ఉన్నవాళ్లను, తిన్నది వేలు పెట్టి కక్కుకునే అలవాటు ఉన్న అమ్మాయిలను ఈ బ్యాచ్‌లలో చేర్చుకోనే వద్దు. ఫీజు పోతుంది, పోనివ్వండి.

ఒక కాగితం తయారుచేశా, తెలుగులోనే, ఒక పేజీ. పైన పేరు, వయసు, నడుము కొలత. కింద వాడుతున్న గోలీలు రాసే గడులు, పక్కన స్ట్రిప్ ఫొటో అతికించే జాగా. దాని కింద డాక్టర్ సంతకానికి ఒక గీత, "డైట్ మొదలుపెట్టేలోపు డోసు మార్చాలా?" అన్న ఒక్క ప్రశ్నతో. షాపుకొస్తే ఎన్ని కావాలంటే అన్ని జిరాక్స్‌లు ఊరికే ఇస్తా. స్ట్రిప్ మీద పేరు అర్థం కాకపోతే ఫొటో తీసుకుని రండి, అది షుగర్‌దో, బీపీదో, ఏ రకమో నేను చెప్తా, ఏ మెడికల్ షాపులో ఫార్మసిస్ట్‌ను అడిగినా చెప్తారు, దానికి పైసలు ఎవరూ తీసుకోరు.

ఇప్పటికే నడుస్తున్న బ్యాచ్‌ల సంగతి వాయిదా వేయకండి. గ్రూపులో ఈ రాత్రికే ఒక మెసేజ్ పెట్టండి: షుగర్, బీపీ గోలీలు వాడుతున్నవాళ్లు ఎవరంతట వాళ్లు గోలీ ఆపొద్దు, చెమటలు, వణుకు, వాంతులు, ఆయాసం, కండ్లు తిరగడం ఏది ఉన్నా డైట్ ఆపి వెంటనే దవాఖానకు పోండి, మిగతావాళ్లు రేపు పొద్దున నడకకు వచ్చేటప్పుడు మందుల చీటీ వెంట తెచ్చుకోండి.